డెవిల్స్ లేక్ ఒడ్డున గుడారం: అపోహలు, వాస్తవాలు

షికాగో శివార్లలో ఉండే తెలుగు కుటుంబాలను వేసవిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని డెవిల్స్ లేక్ స్టేట్ పార్కుకు తీసుకువెళ్లే ఒక చిన్న స్వచ్ఛంద బృందంలో నేను కొండదారుల నడక బాధ్యత చూస్తాను. బయలుదేరే ముందు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎలుగుబంట్లు, పాములు, సరస్సు లోతు తప్పకుండా ఉంటాయి. తిరిగి వచ్చాక చెప్పుకునే ఇబ్బందుల్లో మాత్రం ఈ మూడూ దాదాపు ఎప్పుడూ వినిపించవు. భయపడవలసినవి వేరే ఉన్నాయి, అవి చాలా చిన్నవిగా కనిపిస్తాయి.

అపోహ: ఇది చల్లారిన అగ్నిపర్వతపు నోరు, లోతు అంతుపట్టదు, అందుకే దెయ్యం పేరు పెట్టారు.

వాస్తవం: ఇక్కడ అగ్నిపర్వతపు నోరేమీ లేదు. సరస్సుకు ఇరువైపులా సుమారు 500 అడుగుల ఎత్తున నిలిచిన ఊదారంగు కొండచరియలు క్వార్ట్‌జైట్ శిల; దాదాపు 170 కోట్ల సంవత్సరాల నాటి ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ గట్టిపడి అలా మారింది. వాటి మధ్య ఒకప్పుడు నది కోసిన లోయ ఉండేది. గత హిమయుగంలో మంచుపలక తెచ్చి పోసిన మట్టీ రాళ్లూ ఆ లోయను రెండు చివరలా మూసివేయగా నడుమ నీరు నిలిచింది. పాపికొండల నడుమ గోదావరికి ఎగువన ఒక కట్ట, దిగువన ఒక కట్ట వేసినట్టు ఊహించుకుంటే ఈ రూపం అర్థమవుతుంది. గరిష్ఠ లోతు సుమారు 47 అడుగులు మాత్రమే. ఇక పేరు సంగతి: ఇక్కడి మూలవాసులైన హో-చంక్ ప్రజలు దీన్ని పవిత్ర సరస్సు అన్నారు, వలస వచ్చినవారు ఆ పవిత్రతను దెయ్యంగా మార్చారు. లోతు తక్కువని ధీమా పడకూడదు సుమా. ఈతరేవుల్లో లైఫ్‌గార్డులు ఉండరు, కనుక పిల్లలకు లైఫ్ జాకెట్ వేయడం, ఒక పెద్దవారు ఫోను పక్కన పెట్టి వారినే చూస్తూ ఉండడం తప్పనిసరి.

అపోహ: రాత్రి ఎలుగుబంట్లు వస్తాయి, రాళ్ల సందుల నిండా పాములుంటాయి.

వాస్తవం: ఈ ప్రాంతంలో ఎలుగుబంటి కనబడడం అరుదు. సరస్సు చుట్టూ ఉన్న బారబూ కొండల్లో గిలక పాము (తోక గలగలలాడించే విషసర్పం, రాటిల్‌స్నేక్) ఉన్నమాట నిజమే గానీ అది కూడా అరుదైనదే, మనిషి అలికిడికి తప్పుకునేదే. చెయ్యి ఎక్కడ పెడుతున్నామో చూసుకుంటే చాలు. రాత్రి మీరు గుడారం వేసిన సైటుకు నిజంగా వచ్చేది రకూన్, కళ్ల చుట్టూ నల్లటి పట్టీ ఉండే చిన్న అడవి జంతువు. పులిహోర డబ్బా మూత తీయడం దానికి చిటికెలో పని, కాబట్టి తిండి పదార్థాలన్నీ కారులో పెట్టి తాళం వేయండి. మిగిలిన అన్నం జంతువులకు పెడితే పుణ్యమన్న మాటను ఇక్కడికి తీసుకురావద్దు, మనిషి చేతి తిండికి అలవాటుపడిన జంతువు మనుషుల వెంటే పడుతుంది.

అపోహ: అర మైలు కూడా లేని దారికి బూట్లెందుకు, చెప్పులు చాలు.

వాస్తవం: బ్యాలెన్స్‌డ్ రాక్ దారి పొడవు సుమారు 0.4 మైలే, కానీ ఆ కాస్త దూరంలోనే సరస్సు ఒడ్డు నుంచి కొండ మీదికి రాతిమెట్లపై ఎక్కించేస్తుంది. మోకాళ్లకు పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. క్వార్ట్‌జైట్ తడిస్తే నున్నగా జారుతుంది, చరియల అంచున చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. ఆయాసం త్వరగా వచ్చే పెద్దవారితో వచ్చినప్పుడు నేను ఒడ్డు వెంబడి సాగే టంబుల్డ్ రాక్స్ దారినే ఎంచుకుంటాను. రాతిగుట్టల నడుమ మైలు దూరం, ఎక్కుడు దాదాపు లేదు, సరస్సు మొత్తం కనబడుతుంది.

అపోహ: టిక్‌లు చెట్ల మీది నుంచి రాలిపడతాయి, కుడితే వెంటనే తెలుస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా చెప్పవలసింది దీని గురించే. టిక్ అంటే మన ఊళ్లలో పశువులకు పట్టే పిడుదు జాతిదే. అయితే గేదె చెవి దగ్గర రక్తం తాగి శనగగింజంత ఉబ్బిన పిడుదును చూసి పెరిగిన కళ్లు ఇక్కడ మోసపోతాయి, ఎందుకంటే వేసవి మొదట్లో లైమ్ వ్యాధిని (టిక్ కాటుతో సోకే బాక్టీరియా జబ్బును) ఎక్కువగా అంటించే పిల్లదశ టిక్ గసగసాల గింజంతే ఉంటుంది. అది దూకదు, పై నుంచి రాలదు. గడ్డిపరక కొసన కాళ్లు చాచి కూర్చుని, రాసుకుంటూ పోయేవారి బట్టలను పట్టుకుని పైకి పాకుతుంది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు. కనుక దారి మధ్యలోనే నడవాలి, ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపాలి, పురుగులను చంపే పెర్మెత్రిన్ మందును బట్టలకే గానీ ఒంటికి పూయకూడదు. సాయంత్రం చంకలు, మోకాళ్ల వెనుక, నడుము, చెవుల వెనుక, జుట్టు మొదళ్లు వెతకాలి. జడ వేసుకున్న ఆడపిల్లల మెడ వెనుక భాగాన్ని చాలామంది మరచిపోతారు. విడిచిన బట్టలను ఉతకడానికి ముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడిమీద 10 నిమిషాలు తిప్పితే అందులో ఉన్నవి చస్తాయి.

పట్టుకున్న టిక్ కనిపిస్తే కిరోసిన్ పూయడం, ఊదుబత్తితో చురక పెట్టడం వంటి పాతపద్ధతులు వద్దు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగి, ఆ చోటును సబ్బుతో కడగాలి. లైమ్ క్రిమి సంక్రమించడానికి సాధారణంగా 24 గంటలకు పైగా టిక్ పట్టుకుని ఉండాలి కనుక ప్రతి సాయంత్రపు వెతుకులాట వృథా పోదు. తర్వాతి 3 నుంచి 30 రోజుల్లో వ్యాపించే ఎర్రటి మచ్చ గానీ జ్వరం గానీ వస్తే వైద్యుడికి టిక్ సంగతి చెప్పాలి. మచ్చ రాలేదు కదా అని జ్వరాన్ని తోసిపుచ్చకూడదు.

అపోహ: జూలైలో చలేమిటి? వేసినా కుంపటి గుడారంలో పెట్టుకుని, జిప్పు కాస్త తెరిస్తే సరి.

వాస్తవం: చలి గాలి నుంచి కన్నా నేల నుంచి ఎక్కువగా ఎక్కుతుంది. పైన మూడు దుప్పట్లు కప్పుకుని కింద పలుచని చాప వేసుకున్నవారే తెల్లవారుజామున కారులోకి మారతారు. ఒక దుప్పటి తగ్గించి, కింద మంచి స్లీపింగ్ ప్యాడ్ వేయండి. కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ గుడారంలో వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే కమ్ముతుంది, తెరిచిన జిప్పు దాన్ని ఆపలేదు. ఈ విషయంలో నేను ఎవరి మొహమాటానికీ లొంగను.

అపోహ: ఇంట్లో పాత కట్టెలున్నాయి, వేసుకుని వెళితే ఏదో ఒక సైటు దొరుకుతుంది.

వాస్తవం: యాష్ చెట్లను చంపే పచ్చని పెంకు పురుగు ఒక చోటి నుంచి మరో చోటికి కట్టెల లోపలే ప్రయాణిస్తుంది. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఆ పురుగు 2008 నాటికి విస్కాన్సిన్‌లో కనిపించింది. అందుకే ఈ రాష్ట్రపు పార్కుల్లోకి 10 మైళ్ల లోపల నరికిన కట్టెలను గానీ, ధ్రువీకరణ ముద్ర ఉన్నవాటిని గానీ మాత్రమే తేవాలి. పార్కు పక్కనున్న బారబూ ఊళ్లో కొనుక్కోవడం సులువు. ఇలినాయ్ నంబరు ప్లేటు ఉన్న కారుకు ప్రవేశ రుసుము కూడా కాస్త ఎక్కువే. సైట్లకు బుకింగ్ 11 నెలల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, అక్టోబరులో ఆకులు ఎర్రబారే శనివారం గుడారం వేయాలనుకునేవారు అంతకు ముందటి నవంబరులోనే, ఆ ఏటి ఆకులు రాలుతుండగానే, కూర్చుని బుక్ చేసుకోవాలి.