రూట్‌లో చోటు లేదు: లినక్స్ ఫోన్ల ప్యాకేజింగ్‌పై అపోహలు - వాస్తవాలు

32 జీబీ నిల్వ ఉన్న ఫోను నాలుగు యాప్‌లు పెట్టగానే స్థలం చాలదని మొరాయిస్తే కొన్నవారికి కోపం రావడం సహజం. 2009 చివర్లో వచ్చిన నోకియా ఎన్900 సరిగ్గా అలాంటి ఫోను. అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్లో దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాటి నుంచి నేను లినక్స్ ఫోన్ల కోసం డెబియన్ (లినక్స్ రకాల్లో ఒకటి) పద్ధతి ప్యాకేజీలు, అంటే యాప్ ఫైళ్ల మూటలు, చేస్తున్నాను. ఆదివారాలు కూకట్‌పల్లిలోని మా మేడమీది గదికి వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు ఇప్పుడు పైన్‌ఫోన్లు, పోస్ట్‌మార్కెట్ ఓఎస్ అనే లినక్స్ ఎక్కించిన పాత ఆండ్రాయిడ్ ఫోన్లు తెస్తున్నారు గానీ, వారు పట్టుకొచ్చే అపోహలు మాత్రం ఆనాటివే.

అపోహ: ఫోనులో ఎంత నిల్వ ఉంటే యాప్‌లకు అంతా అందుబాటులో ఉంటుంది.

వాస్తవం: యాప్‌కు దొరికేది అది దిగే పార్టిషన్‌లో (నిల్వలోని విభాగంలో) ఉన్న ఖాళీ మాత్రమే. ఎన్900లో వ్యవస్థ మొత్తం 256 ఎంబీ ఫ్లాష్ చిప్పులో ఉండేది. 32 జీబీ ఈఎంఎంసీ (ఫోనులోనే అతికించి ఉండే నిల్వ చిప్పు) దానికి పూర్తిగా వేరు. ఆ ఈఎంఎంసీలో సుమారు 27 జీబీ పాటలకు, ఫొటోలకు ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) విభాగంగానూ, 2 జీబీ హోమ్ కోసం ఎక్స్‌ట్3 విభాగంగానూ, 768 ఎంబీ ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్‌గానూ కేటాయించారు. డెస్క్‌టాప్ అలవాటు ప్రకారం చేసిన ప్యాకేజీ నేరుగా యూఎస్ఆర్ డైరెక్టరీలోకి, అంటే వ్యవస్థ ఉండే చిన్న విభాగమైన రూట్‌లోకి దిగేది. నాలుగు గదుల ఇంట్లో బియ్యం బస్తాలన్నీ పూజగదిలోనే పేర్చి ఇల్లు ఇరుకని వాపోయినట్టే ఉంటుంది ఈ వ్యవహారం. అందుకే ఎవరైనా ఫోను తెచ్చి స్థలం లేదంటే నేను ముందుగా విభాగాలవారీగా ఖాళీ చూపే డీఎఫ్ కమాండు కొట్టించి, ఏ విభాగం నిండిందో చూడమంటాను.

అపోహ: అలాగైతే యాప్‌లను ఆ 27 జీబీలోకో, మెమరీ కార్డులోకో మార్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఫ్యాట్‌లో సిమ్‌లింకులు (వేరే చోటున్న ఫైలును చూపే దారులు) ఉండవు, యూనిక్స్ అనుమతులు ఉండవు, ఫైలు యజమాని ఎవరన్న సంగతీ నమోదు కాదు. ఎన్900లో ఇంకో చిక్కు కూడా ఉండేది: కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి నిల్వ పరికరంగా ఎంచుకోగానే ఆ విభాగం ఫోను చేతిలోంచి జారి కంప్యూటరుకు దక్కేది, అందులోంచి నడుస్తున్న ప్రోగ్రామేదైనా ఉంటే దాని కాళ్ల కింద నేల లేకుండా పోయేది. అందువల్లనే ఎన్900 ఆపరేటింగ్ సిస్టమ్ మేమో 5లో, అదనపు యాప్‌ల కోసం ఉద్దేశించిన ఆప్ట్ డైరెక్టరీని ఫ్యాట్ వైపు కాక, 2 జీబీల హోమ్ విభాగం వైపు మళ్లించారు.

అపోహ: ప్యాకేజీలోని ఫైళ్లన్నింటినీ ఆప్ట్‌లోకి జరిపి, పాత చోట సిమ్‌లింకులు పెడితే పని పూర్తయినట్టే.

వాస్తవం: ఈ అపోహలో సగం నిజం ఉండటమే దీనితో వచ్చిన ఇబ్బంది. మేమో ఆప్టిఫై అనే పనిముట్టు, ప్యాకేజీ తయారయ్యే చివరి దశలో, పెద్ద ఫైళ్లను ఆప్ట్‌లోకి జరిపి వాటి స్థానంలో లింకులు ఉంచేది, సాధారణ యాప్‌లకు అది చక్కగా సరిపోయేది. అయితే ఫోను మొదలయ్యేటప్పుడు హోమ్ విభాగం మౌంట్ కాకముందే (వ్యవస్థకు జతపడకముందే) అవసరమయ్యే ఫైలు ఏదైనా అటు వెళ్లిందంటే, ఆ క్షణానికి లింకు ఉంటుంది గానీ లింకు చూపే చోటు ఇంకా ఉండదు. కాబట్టి డ్రైవర్లు, బూట్ స్క్రిప్టులు, వాటికి కావలసిన లైబ్రరీలు రూట్‌లోనే ఉండాలి. యాప్‌ను మెనూలో చూపే, కొన్ని వందల బైట్ల డెస్క్‌టాప్ ఫైలును జరిపి దాని చోట లింకు పెట్టినందువల్ల మిగిలేది దాదాపు శూన్యం కనుక అలాంటివాటిని కదపనక్కరలేదు. పెద్ద బైనరీ (నడిచే ప్రోగ్రాము ఫైలు), శబ్దాలు, చిత్రాలు, నిఘంటువుల డేటా వంటివే జరపదగినవి.

నేను చేసిన ఒక పొరపాటు ఇక్కడ చెప్పాలి. నేను ప్యాకేజీ చేసిన ఒక నిఘంటువు యాప్ మొదటి వెర్షన్‌లో డేటా అంతా యూఎస్ఆర్ షేర్ కింద ఒక మామూలు డైరెక్టరీలో ఉండేది. రెండో వెర్షన్‌లో డేటాను ఆప్ట్‌కు మార్చి, ఆ డైరెక్టరీ పేరుతోనే సిమ్‌లింకు పెట్టాను. నా ఫోనులో పాతది పూర్తిగా తీసేసి కొత్తది పెట్టి చూశాను, పనిచేసింది. అప్‌గ్రేడ్ చేసుకున్నవారికి మాత్రం యాప్ తెరుచుకునేది గానీ ఏ పదం వెతికినా అర్థం వచ్చేది కాదు. కారణం తెలియడానికి ఒక రాత్రి పట్టింది: అక్కడ అప్పటికే నిజమైన డైరెక్టరీ ఉంటే ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీప్యాకేజీ (dpkg) దాన్ని తనంతట తాను సిమ్‌లింకుగా మార్చదు, ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేస్తుంది. అలాంటి మార్పును ఇన్‌స్టాల్‌కు ముందు నడిచే స్క్రిప్టులో మనమే రాయాలి. ఇప్పటి డెబియన్‌లో దీనికోసం ప్రత్యేకమైన సహాయక కమాండు కూడా ఉంది. ఆ తర్వాత నేను లింకుల గారడీని తగ్గించుకొని, బిల్డ్ చేసేటప్పుడే ప్రిఫిక్స్‌ను (ఫైళ్లు దిగే మూల డైరెక్టరీని) ఆప్ట్‌లోని యాప్ డైరెక్టరీగా ఇచ్చి, యూఎస్ఆర్ బిన్‌లో ఒక్క లింకు మాత్రం ఉంచడం అలవాటు చేసుకున్నాను. ఏ ప్యాకేజీనైనా కొత్తగా పెట్టి ఒకసారి, పాతదాని మీద పెట్టి ఒకసారి పరీక్షించనిదే బయటికి పంపడం లేదు.

అపోహ: డెబ్ ఫైలు (డెబియన్ ప్యాకేజీ) 2 ఎంబీ అయితే యాప్ తీసుకునేది కూడా 2 ఎంబీయే.

వాస్తవం: డెబ్ ఫైలు కుదించిన మూట; విప్పితే పెరుగుతుంది. ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో రాసే ఇన్‌స్టాల్డ్ సైజు కూడా అంచనాయే తప్ప కొలత కాదు. పైథాన్ యాప్‌లలో ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే స్క్రిప్టు తయారుచేసే బైట్‌కోడ్ ఫైళ్లు ఆ లెక్కలోకి రావు. అప్‌గ్రేడ్ సమయంలో కొత్త ఫైళ్లను తాత్కాలిక పేర్లతో విప్పి, ఆ తర్వాతే పాతవాటి స్థానంలోకి తెస్తారు కనుక కొంతసేపు రెండూ ఉంటాయి. డౌన్‌లోడ్ అయిన డెబ్‌లు, వాటిని తెచ్చే ఏపీటీ అనే పనిముట్టు క్యాష్‌లో మిగిలిపోతే అది వేరే భారం. రూట్‌లో 5 ఎంబీ ఖాళీ చూపిస్తోంది కదా, 4 ఎంబీ యాప్‌కు ఏం ఢోకా లేదనుకున్నవారి అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోవడానికి కారణం ఇదే.

అపోహ: బైనరీని యూపీఎక్స్ అనే కుదింపు పనిముట్టుతో కుదిస్తే సగం స్థలం మిగులుతుంది.

వాస్తవం: ఎన్900 రూట్‌లో ఉన్న యూబీఐఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఫైళ్లను తానే కుదించి రాస్తుంది, కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే వచ్చేది స్వల్పం. పైగా మామూలు బైనరీలోంచి కెర్నల్ అవసరమైన పేజీలనే చదివి, మెమరీ ఇరుకైనప్పుడు వాటిని వదిలేయగలదు. యూపీఎక్స్ బైనరీ మొత్తంగా ర్యామ్‌లో విప్పుకుంటుంది. 256 ఎంబీ ర్యామ్ ఉన్న ఫోనులో ఈ బేరం నష్టమే. దీనికి బదులు తప్పులు వెతకడానికే పనికొచ్చే డీబగ్ సింబల్స్‌ను స్ట్రిప్ చేయడం (తీసేయడం) నడకకు ఏమాత్రం హాని లేకుండా లాభమిస్తుంది.

అపోహ: ఇంగ్లీషు తప్ప మిగతా అనువాదాలన్నీ చెత్త, ముందు వాటిని తొలగించాలి.

వాస్తవం: ఈ మాట హైదరాబాదులో కూర్చొని చెప్పేవారిని చూస్తే నాకు కాస్త ఒళ్లు మండుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుందని, ‘స్థలం’ అన్న చిన్న మాటకే 15 బైట్లు అవుతాయని నాకూ తెలుసు. అయినా ఒక యాప్ తెలుగు అనువాదం సాధారణంగా కొన్ని పదుల కేబీలే. స్థలం తినేది ఎవరూ చదవని పదుల భాషల అనువాదాలు ఒకేచోట పోగుపడటం. డీప్యాకేజీ ఆకృతీకరణలో అనువాదాలుండే లొకేల్ డైరెక్టరీని మినహాయించి, తెలుగును, ఇంగ్లీషును తిరిగి చేర్చుకునే వీలుంది. మ్యాన్ పేజీలు (కమాండుల వివరణలు), పత్రాలు కూడా అదే పద్ధతిలో వదిలించుకోవచ్చు గానీ కాపీరైట్ ఫైలును ఉంచాలి. పోస్ట్‌మార్కెట్ ఓఎస్‌కు ఆధారమైన ఆల్పైన్ లినక్స్‌లో ఈ శ్రమ కూడా తక్కువ, పత్రాలు, భాషలు అక్కడ చాలావరకు విడి ప్యాకేజీలుగానే వస్తాయి.

అపోహ: ఫ్లాట్‌ప్యాక్ (ఏ లినక్స్‌లోనైనా నడిచేలా యాప్‌ను అందించే పద్ధతి) అంటేనే స్థలం దండగ.

వాస్తవం: మొదటి యాప్‌కు మాత్రం దండగే అనిపిస్తుంది, ఎందుకంటే దానితోపాటు వందల ఎంబీల రన్‌టైమ్ (యాప్‌లకు కావలసిన ఉమ్మడి లైబ్రరీల మూట) దిగుతుంది. అదే వెర్షన్ రన్‌టైమ్‌ను వాడే రెండో యాప్ దాన్ని పంచుకుంటుంది, ఒకే డేటా ఉన్న ఫైళ్లను, ఫ్లాట్‌ప్యాక్ వాడే ఓఎస్‌ట్రీ అనే నిల్వ వ్యవస్థ ఒక్కసారే నిల్వచేసి హార్డ్ లింకులతో (అదే డేటాకు మరో పేరుతో) కలుపుతుంది. నాలుగు యాప్‌లు నాలుగు వేర్వేరు రన్‌టైమ్ వెర్షన్లు అడిగితే ఆ లాభం పోతుంది కనుక ప్యాకేజీ చేసేవారు వీలైనంతవరకు అందరూ వాడే తాజా వెర్షన్‌కు మారాలి. మామూలుగా ఇవన్నీ వార్ లిబ్ డైరెక్టరీ కిందికి, అంటే మళ్లీ చాలాసార్లు రూట్‌లోకే వెళ్తాయి. హోమ్ వేరే విభాగంలో ఉన్న ఫోనులో యూజర్ ఐచ్ఛికంతో పెడితే అక్కడికి దిగుతాయి.

అపోహ: డీఎఫ్ ఖాళీ చూపిస్తే ఖాళీ ఉన్నట్టే, ఫైలు తీసేస్తే ఖాళీ వచ్చినట్టే.

వాస్తవం: యూబీఐఎఫ్ఎస్‌లో రాయబోయేది ఎంత కుదించుకుపోతుందో ముందుగా తెలియదు కనుక ఆ అంకె ఉజ్జాయింపే. 2013లో వచ్చిన యొల్లా ఫోను వాడిన బీటీఆర్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లో, డేటా వైపు ఖాళీ ఉన్నా మెటాడేటాకు (ఫైళ్ల వివరాలకు) కొత్త భాగం దొరక్కపోతే రాత ఆగిపోతుంది, భాగాలను తిరిగి సర్దే బ్యాలెన్స్ కమాండు నడిపితే గానీ కదలదు. ఇక తీసేసిన ఫైలును ఏదైనా ప్రోగ్రాము ఇంకా తెరిచి పట్టుకొని ఉంటే దాని స్థలం తిరిగి రాదు; ఆ ప్రోగ్రామును మూసి, మళ్లీ డీఎఫ్ చూడాలి.