బర్త్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. మా కౌంటర్‌కి వచ్చేవాళ్లలో చాలామంది ఎవరో చెప్పిన తప్పుడు మాట పట్టుకునే వస్తారు, దానివల్ల డబ్బు పోతుంది, సెలవులు పోతాయి, కొన్నిసార్లు పిల్లల అడ్మిషనే ఆగిపోతుంది. ఒక్క విషయం ముందే చెబుతాను. మేమిచ్చే సర్టిఫికెట్ రిజిస్టర్‌లో ఉన్నదానికి నకలు. రిజిస్టర్‌లో లేనిది మేం సర్టిఫికెట్‌లో రాయలేం, ఎంత పెద్దవాళ్లతో ఫోన్ చేయించినా.

అపోహ: కాన్పు ఆసుపత్రిలో అయింది కాబట్టి మొత్తం వాళ్లే చూసుకుంటారు.

సగం నిజం. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆసుపత్రిలో జరిగిన జననాన్ని 21 రోజుల్లోపు తెలియజేయాల్సింది ఆసుపత్రి వాళ్లే. కానీ అందులో ఏం రాస్తారన్నది ఆ ఫారం నింపే సమయంలో మీ ఇంటివాళ్లు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది. తల్లి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఫారంలో అత్తింటి ఇంటిపేరు రాయిస్తారు, తండ్రి పేరు స్పెల్లింగ్ హడావుడిలో బాబాయి చెప్పేస్తాడు. అదే రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఐదారేళ్ల తర్వాత పాస్‌పోర్టుకి వెళ్లినప్పుడు టెన్షన్ మొదలవుతుంది. డిశ్చార్జి కాకముందే ఆ ఫారం అడిగి, ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. ఈ పోస్టులో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

అపోహ: మా సొంతూళ్లోనే నమోదు చేయించుకోవచ్చు.

కుదరదు. పుట్టుక గానీ చావు గానీ ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. హైదరాబాద్ ఆసుపత్రిలో చనిపోయిన మనిషిని ఊరికి తీసుకొచ్చి అంత్యక్రియలు చేశారనుకోండి, ఊళ్లో పంచాయతీ కార్యదర్శి ఆ మరణాన్ని నమోదు చేయకూడదు, అది హైదరాబాద్‌లోనే కావాలి. పదకొండో రోజు, పన్నెండో రోజు అయ్యాక చూద్దాంలే అనుకుని గడువు దాటించుకుంటారు. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఈ మాట చెప్పాల్సి రావడం మాకూ కష్టంగానే ఉంటుంది, అందుకే బంధువుల్లో ఎవరో ఒకరు ఈ పని మీదేసుకోవాలి.

అపోహ: పేరు పెట్టాకే రిజిస్ట్రేషన్ చేయించాలి.

అవసరం లేదు. పేరు లేకుండానే నమోదవుతుంది. తర్వాత 12 నెలల్లోపు ఉచితంగా, ఆ పైన 15 ఏళ్ల వరకు ఫీజు కట్టి పేరు చేర్చుకోవచ్చు. బారసాల ఆలస్యమైందని 21 రోజులు దాటించకండి.

అపోహ: సర్టిఫికెట్‌లో పేరైనా, పుట్టినతేదీ అయినా అఫిడవిట్ ఇస్తే మార్చేస్తారు.

మా దగ్గర ఎక్కువ గొడవలు దీని గురించే. చట్టంలో ఉన్నది దిద్దుబాటు. అంటే నమోదు చేసేటప్పుడు తప్పు పడి ఉంటే, అది తప్పేనని ఆధారం చూపిస్తే, పాత ఎంట్రీని చెరపకుండా పక్కన మార్జిన్‌లో సవరణ రాసి సంతకం, తేదీ వేస్తారు. స్పెల్లింగ్ తప్పు పడితే దిద్దుతారు. న్యూమరాలజీ ప్రకారం ఇంకో అక్షరం కలపమంటే అది దిద్దుబాటు కాదు, ఎందుకంటే అప్పుడు రాసింది తప్పు కాదు.

పుట్టినతేదీది ఇంకో కథ. మన ఊళ్లలో బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవాలని ఏదో ఒక తేదీ వేయించడం మామూలే, ఆ తేదీ అలాగే టెన్త్ మెమో వరకు వచ్చేస్తుంది. తర్వాత అసలు బర్త్ రికార్డు తీస్తే వేరే తేదీ కనిపిస్తుంది, ‘మెమో ప్రకారం మార్చండి సార్’ అంటారు. ఆసుపత్రి కేస్‌షీట్ గానీ, పుట్టిన సమయంలో రాసిన కాగితం గానీ చూపిస్తే పరిశీలిస్తారు. బడిలో వేసిన తేదీకి సరిపోయేలా పుట్టుకను మార్చమంటే ఏ రిజిస్ట్రారూ సంతకం పెట్టకూడదు.

అపోహ: పాత పుట్టుకలకు రికార్డే దొరకదు, ఏజెంటుకి ఇస్తే తెచ్చిస్తాడు.

దయచేసి ఆ పని చేయకండి. ముందు రికార్డు వెతికించండి. లేకపోతే లేదని సర్టిఫికెట్ ఇస్తారు, దాన్నే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటాం. దాంతో మీసేవలో లేట్ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేస్తే తహశీల్దార్ విచారణ చేయిస్తారు, ఆర్డీవో ప్రొసీడింగ్స్ వచ్చాక ఏడాది దాటిన జననం కూడా నమోదవుతుంది. గడువు 21 రోజులు దాటి 30 రోజుల్లోపైతే లేట్ ఫీజుతో పోతుంది, 30 రోజుల నుంచి ఏడాది లోపైతే జనన మరణాల జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి. అమెరికాలో గ్రీన్ కార్డుకి పెట్టుకునే మనవాళ్లు ఎంతోమంది ఇలాంటి వాటి కోసం రాస్తుంటారు. వాళ్లకి కూడా చెప్పేది ఇదే, రికార్డు లేకపోతే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్‌తో పాటు స్కూలు కాగితాలు, పెద్దవాళ్ల అఫిడవిట్లు చూపించే దారి ఉంది. దొంగ సర్టిఫికెట్‌తో వెళ్లి ఇమిగ్రేషన్ కేసు మొత్తం పాడుచేసుకోవద్దు.

అపోహ: ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్ లేనివాళ్లకి ఏదీ ఇవ్వరు.

2023 అక్టోబరు 1 నుంచి జనన మరణాల రిజిస్ట్రేషన్ సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి పుట్టినవాళ్లకు స్కూలు అడ్మిషన్, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు జాబితా, పాస్‌పోర్టు వంటి వాటికి పుట్టినతేదీ, పుట్టిన స్థలం రుజువు చేసే కాగితం ఇదే. అంతకు ముందు పుట్టినవాళ్లు కంగారు పడక్కర్లేదు.

అపోహ: ఆన్‌లైన్‌లో తీసిన ప్రింటు చెల్లదు, పచ్చ సిరా సంతకం కావాలి.

డిజిటల్ సంతకం, క్యూఆర్ కోడ్ ఉన్న ప్రింటు చెల్లుతుంది. క్యూఆర్ స్కాన్ చేస్తే అసలుదో కాదో తెలిసిపోతుంది, సిరా రంగుతో తెలియదు.

అపోహ: డెత్ సర్టిఫికెట్ ఉంటే బ్యాంకు డబ్బులు మనకే వస్తాయి.

అది చనిపోయారని మాత్రమే చెబుతుంది. వారసులెవరో చెప్పదు. దానికి తహశీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వేరు, కొన్ని ఆస్తులకి కోర్టు వారసత్వ సర్టిఫికెట్ వేరు. మరణ కారణం కూడా అందులో ఉండదు, నకలులో కారణం బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది. ఇన్సూరెన్స్‌కి కారణం కావాలంటే డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

ఇంటి పన్ను మా సెక్షన్ కాదు గానీ అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి చెబుతున్నా: పన్ను రసీదు మీ పేరు మీద ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు. అనుమతి లేకుండా కట్టినదానికి కూడా పన్ను వేస్తారు. హక్కు దస్తావేజుతో వస్తుంది.

అపోహ: ఆఫీసులో ‘లేదు, కాదు’ అన్నారంటే ఇక అంతే.

నోటిమాటకి విలువ లేదు. అర్జీ రాసి టప్పాల్‌లో, అంటే ఆఫీసులో అర్జీలు తీసుకునే చోట ఇవ్వండి, నకలు మీద తేదీ, నంబరుతో సీలు వేయించుకోండి. తిరస్కరిస్తే కారణం రాసి ఎండార్స్‌మెంట్, అంటే రాతపూర్వక జవాబు ఇవ్వమనండి. రిజిస్ట్రార్ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రార్‌కి అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని 90 రోజుల్లో తేల్చాలి. ఇది 2023 సవరణతో వచ్చిన హక్కు, చాలామందికి తెలియదు. ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) ఉంది. మున్సిపాలిటీకైతే ఫీజు 10 రూపాయలు, గ్రామ పంచాయతీకైతే అసలు లేదు, కారణం చెప్పక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. సర్టిఫికెట్ కోసమే ఆర్టీఐ వేయకండి, దానికి మామూలు ఫీజుతో దరఖాస్తు చేస్తేనే త్వరగా వస్తుంది. ఆర్టీఐలో ‘ఫలానా తేదీన, ఫలానా నంబరుతో ఇచ్చిన నా అర్జీ ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఉంది, ఎప్పటి నుంచి ఉంది’ అని అడగండి. ఆ నంబరు మీ దగ్గర ఉండాలంటే టప్పాల్ సీలు ముందే వేయించుకుని ఉండాలి.