వంశవృక్షం, ఊరి చరిత్ర: సగిలేరు లోయలో నాకు రోజూ ఎదురయ్యే అపోహలు

తెలియనోళ్ళ కోసం ముందే చెప్తా. పడమర నల్లమల, తూర్పున వెలికొండలు, మధ్యలో సగిలేరు దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది, గిద్దలూరు, కలసపాడు, పోరుమామిళ్ళ, బద్వేలు అన్నీ ఈ లోయలోవే. ఈ ఊళ్ళ కుటుంబాలకి వంశవృక్షాలు వేసిపెట్టడం, ఊరి పాత కాగితాలు వెతికిపెట్టడం నా పని. అడిగేవాళ్ళు ఎక్కువ మంది బెంగళూరు, హైదరాబాద్, కువైట్, అమెరికాల్లో ఉండేవాళ్ళే. అందరూ దాదాపు ఒకే రకం నమ్మకాలతో వస్తారు, ప్రతి ఒక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

అపోహ: మా ఊరు, మా చెరువు, మా ఇనాం అన్నీ రాయలవారు ఇచ్చినవే

మా పక్క పాత కట్టడం ఏది కనిపించినా కృష్ణదేవరాయల ఖాతాలోకే పోతుంది. పోరుమామిళ్ళ చెరువునే తీసుకోండి, ఎవర్నడిగినా రాయలు కట్టించాడంటారు. భైరవుడి గుడి ముందర రెండు రాళ్ళ మీద శాసనం ఉంది, ఎవరు కట్టించారో, ఎప్పుడో, ఎట్లా కట్టారో అంతా అందులోనే రాసుంది. శక 1291, అంటే 1369. కట్టించింది మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని కూడా అంటారు, ఉదయగిరి నుంచి పాలించేవాడు. చెరువు పేరు అనంతరాజసాగరం. రెండేళ్ళ పాటు రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయంట. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా లెక్కపెట్టి చెప్పారు (ఇప్పటి ఇంజినీర్లు ఒకసారి చదివితే మేలు). కృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509లో, అంటే అప్పటికే చెరువుకి 140 ఏళ్ళు. ఆ రాళ్ళ మీద రాజుగారి వంశం మొత్తం ఉంది, ఆ వెయ్యి మందిలో ఒక్కడి పేరూ లేదు. కాగితమైనా రాయైనా భూమినీ, నీళ్ళనీ, పన్నునీ పట్టుకుని నడుస్తుంది, మనుషుల్ని పట్టుకుని కాదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇంకోటి, "మా జేజినాయన (తాత) వాళ్ళ తాతకి రాయలు ఊరిచ్చాడు" అంటారు. లెక్కేసుకోండి, తరానికి పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో వేసినా జేజినాయన తాత దగ్గరికి పోతే ఏ 1850, 60 దగ్గర ఆగుతాం. రాయల దాకా పోవాలంటే పదిహేడు, పద్దెనిమిది తరాలు కావాలి. మధ్యలో పదికి పైగా తరాలు ఎగిరిపోయాయి. ఇచ్చినోడు సిద్ధవటం ఏలిన మట్లి రాజో, నవాబో, పాళెగాడో అయ్యుంటాడు, కథ చెప్పుకుంటూ చెప్పుకుంటూ పెద్ద పేరు తగిలించారు.

అపోహ: మెకంజీ దొర ఊరూరా తిరిగి రాసిన కైఫీయత్తుల్లో ఉందంటే అది నిజమే

కుంఫిణీ సర్వేయరు మెకంజీ దొర (1754-1821) సర్వేలు చేసింది నిజమే, కానీ ఊళ్ళల్లో కూర్చుని కరణాల నోట విని, దండకవిలెలు (కరణాల పాత లెక్కల, సంగతుల పుస్తకాలు) చూసి రాసుకున్నది మన తెలుగువాళ్ళు. కావలి బొర్రయ్య, ఆయన 1803లో పోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ళ కింద పనిచేసిన గుమాస్తాలు. వాళ్ళ కష్టమే లేకపోతే మన ఊళ్ళలో చానా వాటికి చరిత్రే ఉండేది కాదు. మూలాలు చెన్నైలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి, కడప జిల్లావి కడపలో సి.పి.బ్రౌన్ లైబ్రరీ వాళ్ళు పుస్తకాలుగా వేశారు, చదువుకోవచ్చు.

అయితే కైఫీయత్తు అంటే 1800ల మొదట్లో ఆ ఊరోళ్ళు తమ ఊరి గురించి ఏమనుకునేవాళ్ళో అది. అడివి కొట్టి, కుంట తవ్వి, పల్లె కట్టి ఫలానా పేరు పెట్టారు అని చానా ఊళ్ళకి ఒకే మూసలో ఉంటుంది. దానికి తోడు ఆ టైముకి మిరాసీలు (వంశపారంపర్య హక్కులు), మాన్యాలు నిలబెట్టుకోవాల్సిన అవసరం చెప్పేవాళ్ళకి ఉండేది, 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికొచ్చి మన్రో దొర పొలాలన్నీ కొలిపిస్తున్న రోజులు కదా. కాబట్టి వందేళ్ళ లోపు సంగతులు, ఎవరి మాన్యం ఎంత, ఏ గుడికి ఏముంది ఇట్లాంటివి గట్టిగా నమ్మొచ్చు. అంతకంటే పాతవి శాసనంతో సరిచూసుకోందే నేనైతే చార్టులో రాయను.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే దాయాదులే

కాదు. మనలో చానా ఇంటిపేర్లు ఊరి పేర్లే. ఊళ్ళో ఉన్నంతకాలం ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు, అక్కడ్నించి లేచిపోయి ఇంకో ఊళ్ళో దిగాక అక్కడోళ్ళు ఫలానా ఊరోళ్ళు అంటారు, అది నిలబడిపోతుంది. అందుకే ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపిస్తుంది, దాంతో చుట్టరికం తేలదు, యాడినుంచి వచ్చారనేది మాత్రం తెలుస్తుంది. నేను మొదట చూసేది అదే, ఇంటిపేరు ఊరు యాడుంది, ఎన్ని మైళ్ళ దూరం, కొండకి ఇవతలా అవతలా అని.

ఇల్లరికం ఇంకో చిక్కు. రెడ్లలో, కమ్మల్లో ఇల్లటం అని కోర్టులు కూడా ఒప్పుకున్న ఆచారం ఉంది, అల్లుడు మామ ఇంటికొచ్చి ఆస్తి అనుభవిస్తాడు, ఇంటిపేరు మాత్రం తనదే. దాంతో ఒక సర్వే నంబరు మీద రెండు తరాలు ఒక ఇంటిపేరు ఉండి మూడో తరానికి ఇంకోటి వస్తుంది, చూసినోళ్ళు అమ్ముకున్నారేమో అనుకుని అక్కడితో ఆపేస్తారు. అమ్మకం దస్తావేజు దొరక్కపోతే కూతురి పెళ్ళి ఎవరితో అయిందో అడగండి.

అపోహ: కరణాలు పోయారు, రికార్డులూ పోయాయి

1984 జనవరిలో కరణం, మునసబు పోస్టులు రద్దయ్యాయి, నిజమే. కొందరు లెక్కలు అప్పజెప్పలేదు, కొన్ని అటక మీద చెదలు తిన్నాయి, అదీ నిజమే. కానీ కరణం దగ్గరుండే వాటిలో ముఖ్యమైన వాటికి ఇంకో కాపీ పైన ఉండేది. తాసిల్దారు ఆఫీసులో, కలెక్టరేట్ రికార్డు రూములో వెతకాల్సినవి: రీసర్వే సెటిల్మెంట్ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్, డైగ్లాట్ అంటే తొందరగా అర్థమవుతుంది), పాత అడంగళ్ళు (ఏ పొలం ఎవరిది, ఏం పంట అని రాసే లెక్క), ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం), గ్రామ పటం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజుల నకళ్ళు. ఆన్‌లైన్ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకి పోయి అప్లై చేసి పుస్తకాలు తిప్పించాల్సిందే. దస్తావేజులో హద్దులు చదవడం మర్చిపోవద్దు, "తూర్పు ఫలానా వారి పొలం" అని ఉంటుందే, అన్నదమ్ములు పంచుకున్న పొలమైతే ఆ ఫలానా వారు మీ పెద్దనాయన తాతే అయ్యుండొచ్చు.

గ్రామ పటంలో ఇంకో ముచ్చట. ఊరికి దూరంగా పొలాల మధ్య ఎక్కడో చిన్న ముక్క నత్తం (ఇళ్ళ జాగా) అని చూపిస్తారు, ఇప్పుడక్కడ ఒక్క ఇల్లూ ఉండదు. అది చానావరకు పాత ఊరే. కరువుకో జబ్బుకో జనం వదిలేసిన పాటిమీద దున్నినప్పుడల్లా పెంకులు లేస్తుంటాయి. ఊరు మొత్తం లేచిపోయి రెవెన్యూ పేరు మాత్రం మిగిలితే అది బేచిరాకు గ్రామం. మీ ఇంటిపేరు ఊరు మ్యాపుల యాప్‌లో దొరకట్లేదంటే ముందు బేచిరాకుల లిస్టు చూడండి.

అపోహ: భూములున్న పెద్ద కులాలోళ్ళకే రికార్డు, మాలాంటోళ్ళకి ఏముంటుంది

నాకు మనసుకి కష్టంగా ఉండే మాట ఇది, ఎందుకంటే సగం నిజం. పట్టా లేనోడి పేరు అడంగల్లో రాదు. కానీ ఇనాం (పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చిన భూమి) ఫెయిర్ రిజిస్టరు ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ 1858లో పెట్టారు, 1860ల్లో ఊరూరా ఇనాములన్నీ విచారించి రాశారు. అందులో గుళ్ళు, బ్రాహ్మల అగ్రహారాలతో పాటు చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, తలారి, వెట్టి, నీరుగంటి సర్వీసు ఇనాములన్నీ ఉంటాయి. ఒక్క వరస చదివితే ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, మొదటోడికి ఏమవుతాడు అన్నీ వచ్చేస్తాయి. ఎకరం చాకలి మాన్యం ఉంటే చాలు, ఒక్క దెబ్బకి 1860 నుంచి ఇంకో రెండు తరాలు వెనక్కి పోవచ్చు, ఆ ఊళ్ళో రెడ్డిగారికి రయత్వారీ (సర్కారుకి నేరుగా పన్ను కట్టే) మెట్ట తప్ప ఇనాం లేకపోతే ఆయనకి ఆ రిజిస్టర్లో ఏమీ దొరకదు. వయసులు మాత్రం అంచనాలే, అన్నీ 30, 40, 50 అని గుండుగా ఉంటాయి.

మాల, మాదిగ కుటుంబాలకి ఇంకో దారి చర్చి రిజిస్టర్లు. కలసపాడులో ఎస్‌పీజీ మిషన్ (ఇంగ్లండు ఆంగ్లికన్ చర్చి వాళ్ళది), పైన కంభం వైపు బాప్టిస్టులు. 1876-78 కరువు తర్వాత చేరినోళ్ళు చానామంది, ఒంగోలు బాప్టిస్టు మిషన్ వాళ్ళు గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్క రోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. పేరు, ఊరు రాసుకుంటే ఆ మనిషికి అదే మొదటి కాగితం. అప్పుడు పేరు మారి ఉంటుంది కాబట్టి పాత పేరు ఇంట్లో అడిగి పెట్టుకుని పోండి.

నోటి లెక్కలు కూడా ఉన్నాయి. రెడ్లకి, కాపులకి వంశాలు చెప్పే పిచ్చిగుంట్లవాళ్ళు (ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, ఆ మాటే వాడండి), మాదిగలకి డక్కలివాళ్ళు, పద్మశాలీలకి కూనపులివాళ్ళు. గోత్రాలు, ఇంటిపేర్లు, ఏ ఇంటోళ్ళు ఏ ఊరికి పోయారు ఇవి వాళ్ళ దగ్గర బాగా నిలబడతాయి. మీ మూలపురుషుడు ఎంత గొప్పోడు అనే భాగం మాత్రం చేతిలో పడే సంభావనని బట్టి పెరుగుతుంది, అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ కూలి.

అపోహ: మా ఊరు ప్రకాశం జిల్లా, ఒంగోలుకి పోతే అన్నీ దొరుకుతాయి

గిద్దలూరు వైపోళ్ళు అందరూ పడేది ఇక్కడే. కంభం తాలూకా 1858 దాకా కడప జిల్లా, తర్వాత కర్నూలు జిల్లా, 1970లో కొత్త ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు గిద్దలూరు, కంభం, మార్కాపురం అందులో కలిశాయి, ప్రకాశం అన్న పేరు 1972లో. అంటే 1830ల కాగితానికి కడప, 1900 కాగితానికి కర్నూలు చూడాలి. కలెక్టరేట్ పాత రికార్డుల్లో కొంత హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌కి, కొంత చెన్నై ఎగ్మోర్‌కి చేరింది. మనిషి కదల్లేదు, జిల్లా కదిలింది.

అపోహ: సర్టిఫికెట్లో ఉన్న పుట్టినరోజు కరెక్టే

మా ఊళ్ళలో ఒక తరం మొత్తం జూలై 1న పుట్టింది. బళ్ళో చేర్చుకునేటప్పుడు అయ్యవారు రాసేసిన తేదీ అది. జేజిని అడిగితే "ధాతలో పుట్టినాడబ్బీ" అంటుంది, ధాత 1876-77, మళ్ళీ 1936-37, అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి పక్కన ఇంకో గుర్తు అడగాలి, పెద్ద కరువా, తెల్లోళ్ళు ఉన్నారా పోయారా అని. "కాళయుక్తిలో విషజ్వరాలొచ్చి ఇంట్లో నలుగురు పోయినారు" అంటే అది 1918 ఇన్‌ఫ్లుయెంజా, సందేహం అక్కర్లేదు. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (పన్ను లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి, ఫసలీ 1335 అంటే 1925 జూలై నుంచి 1926 జూన్.

అపోహ: అమెరికాలో లాగా పాత జనాభా లెక్కల్లో తాత పేరు దొరుకుతుంది

దొరకదు. మన దగ్గర మనిషి మనిషికి రాసిన సెన్సస్ ఫారాలు జనానికి తెరవరు. వెతికి టైం వేస్టు చేసుకోవద్దు, పాత ఓటర్ల లిస్టులు చూడండి. డీఎన్‌ఏ టెస్టులు కూడా అంతే, శాతాలు వస్తాయి, ఊరి పేరు రాదు.

అపోహ: పెద్దోళ్ళని కూర్చోబెట్టి అడిగితే అన్నీ చెప్తారు

నోట్‌బుక్ తీసి "మీ నాయన పేరేంది, అన్నదమ్ములెంత మంది" అని మొదలుపెట్టి చూడండి, "ఏంటికి నాయనా ఇవన్నీ, పొలం పంచుకోనీకా?" అని మొదటి ప్రశ్నే వాళ్ళ నుంచి వస్తుంది. వాళ్ళ అనుమానం న్యాయమే, ఈ పక్క వంశవృక్షం అనే మాట వినపడేది తాసిల్దారు ఆఫీసులోనో కోర్టులోనో కదా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసమో దావా కోసమో తప్ప ఎవరూ వెయ్యరు. కువైట్ నుంచి వచ్చిన మనవడు హఠాత్తుగా ముత్తాత అన్నదమ్ముల పేర్లడిగితే ఎవరికైనా గుండె దడే. నేను పొలం ఊసే ఎత్తను. పెళ్ళిళ్ళ గురించి అడుగుతా, ఏ ఊరి పిల్లని చేసుకున్నారు, బండ్లెన్ని పోయాయి, ఎవరు అలిగారు. మగోళ్ళని కాదు, ఆడోళ్ళని. మగోళ్ళకి తండ్రి, తాత దాకా వస్తుంది, అవ్వలకి పుట్టింటి వైపు, మెట్టింటి వైపు, బిడ్డలనిచ్చిన ఊళ్ళు, పురిట్లో పోయిన పిల్లల పేర్లు కూడా గుర్తుంటాయి. అట్లాంటోళ్ళని వదిలేసి మగ పేర్లే గొలుసుగా రాసి ఫ్రేము కట్టించుకునే వంశవృక్షాలంటే నాకు ఒళ్ళు మంట.

పేర్లు రాసుకునేటప్పుడు పెద్ద, నడిపి, చిన్న తప్పకుండా రాయండి. తాత పేరు మనవడికి పెడతారు, అన్నదమ్ములు ముగ్గురూ తమ తండ్రి పేరు పెట్టుకుంటే ఒకే తరంలో ముగ్గురు వెంకటసుబ్బయ్యలు. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు మామూలే కాబట్టి ఒకే మనిషి చార్టులో రెండు చోట్ల వస్తాడు, చెట్టు బొమ్మలో అది ఇమడదు. గ్రాంప్స్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ తట్టుకుంటుంది.

అపోహ: ఊరి బయట రాయికి రంగులేసి పూజిస్తున్నారు కాబట్టి అది దేవుడే, చరిత్ర కాదు

కత్తి, డాలు పట్టుకుని నిలబడిన బొమ్మైతే అది వీరగల్లు, ఊరి పశువుల కోసమో పొలిమేర కోసమో చచ్చిన మనిషి. కింద అక్షరాలు ఉండొచ్చు. పూజ ఆపమని ఎవరికీ చెప్పొద్దు, తన్నులు తింటారు, చెప్పే హక్కూ మనకి లేదు. ఆయిల్ పెయింట్ బదులు పసుపు, కుంకుమ చాలని పూజారిని బతిమాలండి. ఫొటో ఎండలో ఎదురుగా నిలబడి తీస్తే ఏమీ కనపడదు. చీకటి పడ్డాక పోయి, టార్చి రాయికి ఆనించినట్టు ఒక పక్క నుంచి వేసి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి తియ్యండి. సున్నం పూసి గీకడాలు, చాక్‌పీసుతో అక్షరాల మీద దిద్దడాలు వద్దు, మీరు దిద్దిందే తర్వాతోడు చదువుతాడు. ఫొటోతో పాటు సర్వే నంబరు రాసి పెట్టుకోండి, వచ్చే రోడ్డు వెడల్పులో ఆ రాయి జరిగిపోవచ్చు.