కొత్త కారు మీద ఎవరూ గీయని వృత్తాలు

కొత్త కారు కొని రెండు నెలలైనా నిండని ఒక పాఠకుడు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగారు. ఇంటికి తెచ్చిన రోజున అద్దంలా ఉన్న నల్లని బానెట్ మీద, ఇప్పుడు ఎండలో నిలబడి చూస్తే, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులాగా సన్నని వృత్తాలు ఒకదాని లోపల ఒకటిగా కనిపిస్తున్నాయట. గుడ్డను తాను ఎన్నడూ గుండ్రంగా తిప్పలేదనీ, ముందు నుంచి వెనక్కి తిన్నగానే తుడిచాననీ, అలాంటప్పుడు ఇన్ని వృత్తాలను ఎవరు గీశారో అంతుపట్టడం లేదనీ ఆయన వాపోయారు.

ఎవరూ గీయలేదు. బానెట్ మీద గీతలున్న మాట నిజం, వృత్తాలున్న మాట నిజం కాదు. ఆయన ఒక్క అడుగు పక్కకు వేసి చూస్తే, సూర్యబింబంతో పాటు ఆ వృత్తాలన్నీ పక్కకు జరుగుతాయి. పెయింటులో చెక్కుకుపోయిన వృత్తమే అయితే అది ఉన్నచోటనే ఉండాలి కదా! రాత్రిపూట అదే కారును రెండు దీపాల కింద నిలిపితే రెండు కేంద్రాల చుట్టూ, మూడు దీపాల కింద నిలిపితే మూడు కేంద్రాల చుట్టూ వృత్తాలు ఏర్పడతాయి. పాత స్టీలు మూత మీద, గీతలు పడిన చేతిగడియారపు అద్దం మీద, ఆకులు రాలిన చెట్టు వెనుక వీధిదీపం వెలుగుతున్నప్పుడు తడిసిన కొమ్మల మీద కూడా ఇదే దృశ్యం కనిపిస్తుంది. కొమ్మలను ఎవరూ గుండ్రంగా తుడవరు.

కారణం తెలుసుకోవాలంటే ముందు గీత పరిమాణం తెలియాలి. కారు రేకు మీద ఫ్యాక్టరీలో వేసే పొరలన్నీ, అంటే తుప్పు పట్టకుండా విద్యుత్ సాయంతో అతికించే తొలి పూత, ప్రైమర్, రంగు, ఆ రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్, అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందమే ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పొరలన్నిటిలోనూ మన కంటికి నిగనిగను అందించేది పైనున్న క్లియర్ కోట్ ఒక్కటే, అది 40, 50 మైక్రాన్లకు మించదు. గుడ్డతో పడే గీతల లోతు తరచుగా ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ ఉంటుంది. ఇంత చిన్న గీతను కన్ను ఎలా పట్టుకుంటుందన్న సందేహానికి బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త రేలీ ఏనాడో ఒక కొలమానం ఇచ్చాడు: ఉపరితలంలోని ఎగుడుదిగుళ్లు కాంతి తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు కంటే తక్కువగా ఉన్నంతవరకు, సూటిగా పడే కాంతికి ఆ ఉపరితలం నునుపైనదే. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి అది సుమారు 70 నానోమీటర్లు, అంటే 0.07 మైక్రాన్. అర మైక్రాన్ లోతున్న గీత కూడా ఆ హద్దుకు ఏడు రెట్లు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గీతను ఒక సన్నని కాలువగా ఊహించండి. తూర్పు పడమరలుగా సాగే కాలువకు రెండు గట్లుంటాయి. ఒకటి ఉత్తరానికి వాలి ఉంటుంది, ఒకటి దక్షిణానికి వాలి ఉంటుంది. వాలు ఎంతైనా కావచ్చు, కానీ తూర్పుకో పడమరకో తిరిగిన గట్టు ఆ కాలువకు ఎక్కడా ఉండదు. అందువల్ల ఆ గీత కాంతిని ఉత్తర దక్షిణాలుగా మాత్రమే పక్కకు చెదరగొట్టగలదు, తన పొడవు వెంబడి ఒక్క కిరణాన్నయినా దారి మళ్లించలేదు. ఈ వ్యాసంలో గుర్తుంచుకోవలసిన వాక్యం ఇదొక్కటే. మిగిలినదంతా దీనిలో నుంచే పుడుతుంది.

బానెట్ మీద సూర్యబింబం కనిపించే చోటును కేంద్రం అనుకుందాం. అక్కడ నునుపైన ఉపరితలమే కాంతిని నేరుగా కంటికి పంపుతోంది. ఆ కేంద్రానికి నాలుగు అంగుళాలు ఉత్తరంగా ఉన్న చోట ఏం జరుగుతుంది? అక్కడ నునుపైన భాగం పంపే కాంతి కంటిని తప్పించుకుని పోతుంది. అది కంటికి చేరాలంటే ఆ చోట ఉపరితలం ఉత్తర దక్షిణాల దిశలో కాస్త వాలి ఉండాలి. అలాంటి వాలు ఉన్నది తూర్పు పడమరలుగా సాగే గీతల గట్లకే. అదే కేంద్రానికి తూర్పుగా ఉన్న చోటయితే కావలసిన వాలు తూర్పు పడమరల దిశలో ఉంటుంది, దాన్ని ఇవ్వగలిగినవి ఉత్తర దక్షిణాలుగా సాగే గీతలు. ఈశాన్యాన ఉన్న చోట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే గీతలు వెలుగుతాయి. అంటే కేంద్రం చుట్టూ ఏ చోటును తీసుకున్నా, అక్కడ అన్ని దిశల్లోనూ గీతలున్నప్పటికీ, కేంద్రానికి అడ్డంగా పడుకున్న గీతలు మాత్రమే కంటికి వెలుగునిస్తాయి, తక్కినవన్నీ చీకట్లో దాక్కుంటాయి. వెలిగిన ఆ చిన్న చిన్న ముక్కలన్నిటినీ మెదడు కలుపుకుపోతే ఏర్పడేది వృత్తం.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే ఒక సూక్ష్మం ఉంది. మనం బానెట్‌ను నిట్టనిలువుగా పైనుంచి చూడము, ఏటవాలుగా చూస్తాము. చదునైన ఉపరితలానికి, దూరాన ఉన్న సూర్యుడికి లెక్క కడితే, సూర్యబింబానికి దగ్గరలో వెలిగే గీతలు పెయింటు మీద వృత్తంలో కాక దీర్ఘవృత్తంలో అమరుతాయి. లంబం నుంచి చూపు వాలిన కోణాన్ని థీటా అనుకుంటే, ఆ దీర్ఘవృత్తం మన చూపు దిశలో ఒకటి బై కాస్ థీటా రెట్లు సాగి ఉంటుంది. అయితే ఏటవాలుగా చూసేటప్పుడు అదే దిశలో ప్రతి పొడవూ కాస్ థీటా రెట్లకు కుదించుకుపోయి కనిపిస్తుంది. సాగుడూ కుదింపూ సరిగ్గా ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. కారు మీద దీర్ఘవృత్తంగా ఉన్నది కంటికి మాత్రం ఏ కోణం నుంచి చూసినా గుండ్రంగానే ఉంటుంది. ఆ పాఠకుడు మోసపోవడంలో ఆయన తప్పేమీ లేదు.

మరి నిజంగానే గుండ్రంగా గీతలు గీస్తే ఏం కనిపించాలి? పై సూత్రాన్నే వాడి చూడండి. ఒక కేంద్రం చుట్టూ తిరిగే గీతల్లో, సూర్యబింబానికి అడ్డంగా పడుకున్న ముక్కలు ఆ గీతల కేంద్రాన్నీ సూర్యబింబాన్నీ కలిపే సరళరేఖ మీద మాత్రమే ఉంటాయి. కాబట్టి కనిపించేది తిన్నని వెలుగు పట్టీ. గ్రామఫోన్ రికార్డు మీద మెరిసే పట్టీ అదే. గుండ్రని గీతలు తిన్నని పట్టీని చూపుతాయి, అడ్డదిడ్డమైన తిన్నని గీతలు వృత్తాలను చూపుతాయి! బడిలో పరావర్తన సూత్రం చెప్పేటప్పుడు మచ్చలేని సమతల దర్పణాన్ని గీసి, పతన కోణం, పరావర్తన కోణం సమానమని రాయించి, అక్కడితో ముగిస్తారు. ఆ దర్పణం మీద ఒక్క గీత గీసి, ఇప్పుడు ఏమవుతుందని అడిగే ఉపాధ్యాయుడు దొరికిన పిల్లలు అదృష్టవంతులు.

ఆ పాఠకుడు తిన్నగానే తుడిచి ఉండవచ్చు. ఆయన గీతలన్నీ ముందు వెనుకల దిశలోనే ఉంటే, సూర్యబింబానికి అటూ ఇటూ ఒక అడ్డ పట్టీ మాత్రమే మెరిసేది. పూర్తి వృత్తాలు కనిపిస్తున్నాయంటే అన్ని దిశల గీతలూ అక్కడ ఉన్నాయన్నమాట, వాటిలో చాలా భాగం కారు ఆయన చేతికి రాకముందే పడి ఉండవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు ఆరుబయట దుమ్ములో నిలబడుతుంది. డెలివరీ రోజున హడావిడిగా, అప్పటికే నాలుగు కార్లను తుడిచిన గుడ్డతో దాన్ని తళతళలాడేలా చేస్తారు. షోరూమ్‌లో పొడవాటి దీపాలు వరుసగా ఉంటాయి కాబట్టి వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తుంది, ఏ ఒక్క కేంద్రం చుట్టూ వృత్తాలు స్పష్టపడవు. మబ్బు పట్టిన రోజున కూడా అంతే. కొత్త కారును తీసుకునే ముందు ఎండలోకి తెప్పించి చూడాలి, లేదా ఫోన్ టార్చిని బానెట్‌కు మూరెడు దూరంలో పట్టుకుని మెల్లగా కదిలించాలి. చేతిలో ఇమిడే మందం కొలిచే పరికరం దొరికితే మరీ మంచిది. ఒక తలుపు మీద 120 మైక్రాన్లు, పక్క తలుపు మీద 280 మైక్రాన్లు చూపిస్తే, ఆ రెండో తలుపుకు మళ్లీ పెయింటు వేశారని అనుమానించవలసిందే.

నల్ల కారు మీద ఈ గీతలు ఎక్కువగా కనిపించడానికి నలుపు మెత్తనిది కావడం కారణం కాదు. సాధారణంగా నల్ల కారుకైనా తెల్ల కారుకైనా పైనుండే క్లియర్ కోట్ ఒకే రకానిది. దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని అది ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, సుమారు 1.5 కాబట్టి, సూటిగా పడిన కాంతిలో 4 శాతం పైతలం నుంచే వెనక్కి వస్తుంది, 96 శాతం లోపలికి పోతుంది. తెల్ల రంగు ఆ 96లో చాలా భాగాన్ని అన్ని వైపులకూ తిరిగి పంపుతుంది, గీతల మెరుపు ఆ వెలుగులో కలిసిపోతుంది. నల్ల రంగు దాదాపు అంతటినీ మింగేస్తుంది. చీకటి గదిలో అగ్గిపుల్ల వెలిగించినట్లు ప్రతి గీతా బయటపడుతుంది.

గీత గీసేది గుడ్డ కాదు, గుడ్డ కింద చిక్కిన రేణువు. వీధి దుమ్ములో క్వార్ట్జ్ ఇసుక విరివిగా ఉంటుంది, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కాఠిన్య మానంలో దానిది 7, అది గాజునే గీకగలదు. అందుకే పొడి గుడ్డతో దుమ్ము దులపడాన్ని నేను ఏ రూపంలోనూ సమర్థించను. ముందు నీటితోనే దులిపి, తర్వాత షాంపూ నురగతో, పైనుంచి కిందికి, ఒత్తిడి లేకుండా కడగాలి. మురికి గుడ్డను జాడించే బకెట్టు వేరుగా, షాంపూ బకెట్టు వేరుగా ఉండాలి. నేల మీద పడిన గుడ్డ మళ్లీ కారు మీదికి రాకూడదు. తిన్నగా తుడవమని చెప్పే సలహా వల్ల గీతల సంఖ్య ఒక్కటి కూడా తగ్గదు, అవి కనిపించే దిశలు మాత్రమే తగ్గుతాయి. అదీ చిన్న లాభం కాదు.

కడుగుతున్నంతసేపు కారు కొత్తదానిలా ఉండి, ఆరిన తర్వాత గీతలు తిరిగి ప్రత్యక్షం కావడం చాలామంది చూసే ఉంటారు. గాలికీ క్లియర్ కోట్‌కూ మధ్య పరావర్తనం 4 శాతం. గీతలో నీరు (వక్రీభవన గుణకం 1.33) నిండితే, నీటికీ క్లియర్ కోట్‌కూ మధ్య అది 0.4 శాతానికి పడిపోతుంది. వ్యాక్స్ (సుమారు 1.45) నిండితే 0.03 శాతం, అంటే వందో వంతు కంటే తక్కువ. వ్యాక్స్ గీతను మాన్పదు, దాని గట్లను కాంతికి కనబడకుండా చేస్తుంది. ఆ పని అది చాలా గొప్పగా చేస్తుంది, కానీ కొన్ని కడుగుళ్ల వరకే.

పెయింటు మీద రక్షణగా పూసే సిరామిక్ కోటింగ్ గురించి కూడా ఒక మాట. డబ్బా మీద కనిపించే 9హెచ్ అన్నది మోస్ మానంలోని 9 కాదు. అది పెన్సిల్ పరీక్ష: 9హెచ్ పెన్సిల్ మొనతో నిర్ణీత బరువుతో గీసినా పూత మీద గీత పడలేదని దాని అర్థం. పెన్సిల్ ముల్లు గ్రాఫైటు, బంకమన్ను కలిసిన ముద్ద, ఇసుక రేణువు ముందు అది నిలవదు. సిరామిక్ పూత నీటినీ మురికినీ అంటనివ్వకపోవడం నిజమైన ప్రయోజనమే, కానీ దానిని వజ్రకవచమని నమ్మి పొడి గుడ్డ పట్టుకుంటే వృత్తాలు మళ్లీ వస్తాయి. గీతలను నిజంగా అడ్డుకునేది 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న పారదర్శక పాలీయురేతేన్ ఫిల్మ్. అందులో కొన్ని రకాలు వేడికి సాగి తమ గీతలను తామే పూడ్చుకుంటాయి. అదే గుణమున్న క్లియర్ కోట్‌ను నిస్సాన్ సంస్థ 2005లో ప్రకటించింది.

కారు ప్రియుల మధ్య కొన్ని నమ్మకాలు మూఢనమ్మకాలతో సమానంగా పాతుకుపోయాయి. నీటిబొట్టు కటకంలా ఎండను కేంద్రీకరించి పెయింటును కాలుస్తుందన్నది వాటిలో ఒకటి. అర్ధగోళంలా కూర్చున్న బొట్టు వ్యాసార్ధం ఎంతో, దాని నాభ్యంతరం, అంటే కిరణాలు ఒకచోట కలిసే దూరం, సుమారు దానికి మూడు రెట్లు. అంటే కిరణాలు కలుసుకునే చోటు పెయింటు కంటే చాలా దిగువన ఉండాలి, పెయింటు మీద కాదు. మచ్చ పడే మాట నిజమే, కానీ మచ్చ పెట్టేది ఆవిరైన నీరు వదిలి వెళ్లిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పక్షి రెట్ట అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే ఎండకు వేడెక్కి మెత్తబడిన క్లియర్ కోట్ మీద అది ఎండి బిగుసుకుంటుంది. దాన్ని గీకకుండా, నానబెట్టి, ఆ రోజే తీయాలి. కొత్త పెయింటు ఆరడానికి మూడు నెలలు ఆగి వ్యాక్స్ వేయాలన్న మాట వర్క్‌షాపులో 60 డిగ్రీల వద్ద ఆరబెట్టే రీపెయింట్ నుంచి వచ్చింది. ఫ్యాక్టరీ పెయింటును సుమారు 140 డిగ్రీల వద్ద కాలుస్తారు, కారు మీ చేతికి వచ్చేసరికి ఆరవలసింది ఏమీ మిగలదు.

ఉన్న గీతలు పోవాలంటే పాలిష్ ఒక్కటే మార్గం. పాలిష్ అంటే గీతలను చెరపడం కాదని, వాటిని కంటికి కనిపించనంత చిన్న గీతలతో మార్చడమేనని న్యూటన్ గాజును గురించి అన్నాడు. క్లియర్ కోట్‌కూ అదే వర్తిస్తుంది. ఒక్కొక్క పాలిష్‌కు ఒకటో రెండో మైక్రాన్లు, గట్టిగా చేస్తే ఇంకా ఎక్కువ, పోతాయి. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఉన్నది ఆ క్లియర్ కోట్‌లోనే కాబట్టి అది పలుచబడితే కొన్నేళ్లకు పొట్టు లేస్తుంది. అందువల్ల ఆ పాఠకుడికి నేను చెప్పింది ఇది: ముందు మందం కొలిపించండి, అతి మెత్తని పాలిష్‌తో ఒక్కసారి చేయించండి, పని పూర్తయిన వెంటనే ఎండలో చూసి సంతోషపడి డబ్బు చెల్లించకండి. పాలిష్‌లోని నూనెలు కూడా వ్యాక్స్ లాగానే గీతల్లో నిండి వాటిని దాచగలవు. ఆ నూనెలు పోయేలా, నీటిలో కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక జానెడు చోటును తుడిపించి, ఆరనిచ్చి, అప్పుడు టార్చి వేసి చూడండి.