కెరిస్ పిడి చెక్క ఏదో అడుగున చూస్తేనే తెలుస్తుంది

పాత ఇండోనేషియా కత్తి పిడి చేతికి రాగానే చాలామంది రంగు చూసి పేరు పెట్టేస్తారు. నల్లగా ఉంటే ఎబోనీ, పసుపు తిరిగితే కెమునింగ్, ఎర్రగా ఉంటే రోజ్‌వుడ్. నాకిది అస్సలు నచ్చదు, ఎందుకంటే ఏళ్ల తరబడి చేతి చెమట, నూనె, మెరుగు తాగిన చెక్క మీద కనిపించే రంగులో చెట్టు వాటా ఎంతో పైపైన చూసి చెప్పడం కష్టం.

2005లో యునెస్కో గుర్తింపు పొందిన ఇండోనేషియా బాకు కెరిస్‌నే తీసుకుందాం. జావా దీవిలోని సురకర్తా, యోగ్యకర్తా వైపు పిడికి బాగా వాడుకలో ఉన్న ఆకారాన్ని నుంగ్గక్ సెమి అంటారు, అంటే చిగురు వేసిన మోడు. ఈ పిడిని జిగురుతో అంటించరు. కత్తి చివర ఉండే సన్నటి ఇనుప కడ్డీకి, అంటే పెసికి, గుడ్డ పీలికో వెంట్రుకలో చుట్టి దాని మీద బిగిస్తారు, అందుకే తుప్పు పట్టి బిగుసుకుపోకపోతే మెల్లగా తిప్పుతూ లాగితే ఊడొస్తుంది. అప్పుడు, మెండాక్ అనే లోహపు ఉంగరం ఆనుకుని ఉన్న చోట, పెసి దూరే రంధ్రం చుట్టూ ఉన్న అడుగు భాగం బయటపడుతుంది. మనం చూడాల్సింది అదే. పిడి పొడవునా వచ్చిన నార అక్కడ అడ్డంగా తెగి ఉంటుంది, పైగా చేతులు పెద్దగా తగలని చోటు.

10 రెట్ల భూతద్దం పెట్టి, లైటు పక్కనుంచి వేసి చూడండి. చెట్టు నీళ్లు పైకి పంపిన గొట్టాలు అక్కడ చుక్కల్లా కనిపిస్తాయి. టేకులో పెద్ద చుక్కలు ఏటా పడే వలయం మొదట్లో వరసకడతాయి. కెమునింగ్‌లో అవి ఎంత చిన్నవంటే, మామూలు కంటికి చెక్క దంతంలా నున్నగా ఉంటుంది. మలయ్‌లో కునింగ్ అంటే పసుపు. ఈ చెట్టు మనకు కొత్తదేం కాదు, తెల్లటి సువాసన పూలు పూసే నాగగోలుగే, కరివేపాకు చుట్టం. గట్టిగా, సన్నటి నారతో ఉండే చెక్క కాబట్టి, పిడి మీద వేలిగోరంత ముఖాలను (పత్ర అంటారు) పెచ్చు లేవకుండా చెక్కొచ్చు.

నల్లటి చెక్కల దగ్గరే అసలు తికమక. ఇండోనేషియాలోని సులవేసి దీవి నుంచి వచ్చే మకాసర్ ఎబోనీ మన బీడీ ఆకుల తునికికి దగ్గరి బంధువు. ఇంకో నల్లటి చెక్క సోనోకెలింగ్ అంటే మన అడవుల్లోని జిట్టేగి, ఇరుగుడు అని కూడా అంటారు. మెరుగు కింద రెండూ ఒకేలా కనిపించొచ్చు. కానీ జిట్టేగిని పక్కవైపు నుంచి చూస్తే, ఇసుక మీద గాలి గీసినట్టు సన్నటి అడ్డ అలలు వరసగా కనిపిస్తాయి, కణాలు అంతస్తులుగా పేర్చినట్టు ఉండటం వల్ల. మకాసర్ ఎబోనీలో ఆ అలలు ఉండవు.

ఇంత చూసినా చాలాసార్లు ప్రజాతి (దగ్గరి బంధువులైన చెట్ల గుంపు) దగ్గరే ఆగిపోవాలి, ఫలానా చెట్టు అని తేల్చలేం. చెట్టు మీద గడ్డలా ఉబ్బిన భాగంతో చేసిన పిడిలో నార సుడులు తిరిగి ఉంటుంది కాబట్టి అడ్డకోత అసలు దొరకదు. గట్టిగా తేల్చాలంటే మైక్రోస్కోప్ కావాలి. 1989లో చెక్క శరీర నిర్మాణ నిపుణుల అంతర్జాతీయ సంఘం 163 లక్షణాల జాబితా ఇచ్చింది, ఇప్పటికీ అదే ఆధారం. దానికి చిన్న ముక్క కోయాలి. మ్యూజియంలు కోయడానికి ఇష్టపడవు, అందుకే కొన్నిచోట్ల కోయకుండానే ఎక్స్-రే సీటీ స్కాన్‌తో లోపలి గొట్టాలను చూస్తున్నారు.

మీ దగ్గర అలాంటి పిడి ఉంటే అడుగు భాగాన్ని గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, మెత్తటి బ్రష్ చాలు. పెసికి చుట్టిన ఆ పాత గుడ్డ పీలికను కూడా విడిగా కవర్లో దాచండి.