చదివింది బుర్రకెక్కకపోవడం, పరీక్షంటే వణుకు: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ పిల్లలు తరచూ చెప్పే మాటలు రెండు. ఎంత చదివినా బుర్రకెక్కడం లేదన్నది ఒకటి, పరీక్షంటే గుండెదడ అన్నది రెండోది. మొదటిదానికి ట్యూషన్ పెట్టిస్తాం, రెండోదానికి ధైర్యం చెబుతాం. అయితే ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకునే సమస్యలు. అర్థంకాని పాఠం భయాన్ని పెంచుతుంది, ఆ భయం కొత్త పాఠాన్ని అర్థం కానివ్వదు. అందుకే రెండింటినీ కలిపి చూడాలి.

అపోహ: పదిసార్లు చదివితే అదే వస్తుంది.

పదిసార్లు చదివితే పేజీ పరిచయమవుతుంది. వీధిలో రోజూ ఎదురయ్యే మనిషిని చూడగానే గుర్తుపడతాం కానీ పేరు చెప్పమంటే తడుముకుంటాం. పరీక్షలో అడిగేది పేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. కొందరితో ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివించారు. మిగతావారితో ఒక్కసారే చదివించి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వారం గడిచాక చూస్తే, రాసినవాళ్లకు సుమారు 56 శాతం, చదివినవాళ్లకు సుమారు 42 శాతం గుర్తున్నాయి. పరీక్ష ముందురాత్రి 'అంతా వచ్చు' అనిపించి, హాల్లో తెల్లకాగితం ముందు చేయి ఆగిపోవడానికి కారణం ఇదే. అలా రెండుసార్లు జరిగితే చాలు, మూడోసారి నుంచి భయం ముందే వచ్చి కూర్చుంటుంది.

పిల్లలకు నేర్పాల్సిన పద్ధతి ఇది. ముందు పాఠం చివర ఉన్న ప్రశ్నలు చూడాలి, రెండు నిమిషాలు చాలు. తర్వాత ఒక ఉపశీర్షిక కింద ఉన్న భాగాన్ని, పేజీకి మించకుండా, పెన్ను పక్కనపెట్టి చదవాలి. పుస్తకం మూసి, గుర్తున్నదంతా రఫ్ కాగితం మీద సొంత మాటల్లో రాయాలి. దీనికి ఐదు నిమిషాలు. పుస్తకం తెరిచి, తప్పినవీ వదిలేసినవీ ఎర్ర సిరాతో దిద్దాలి. మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు మళ్లీ ఖాళీ కాగితంతోనే మొదలుపెట్టాలి. ఎర్ర సిరా పడిన చోటునే తిరిగి చదవాలి, పాఠమంతా చదవనక్కర్లేదు.

ఇందులో ఎక్కువగా జరిగే తప్పులు మూడు. పిల్లలు పాఠమంతా ఒకేసారి చదివి రాయబోతారు, సగమే గుర్తొచ్చి నీరుగారిపోతారు. లేదంటే పది సెకన్లు కూడా ఆగకుండా పుస్తకం తెరిచేస్తారు. గుర్తుతెచ్చుకోవడానికి పడే ఆ తంటాలే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తాయి కాబట్టి కనీసం అర నిమిషం ఆగాలి. మూడోది, మొదటి వారంలో మార్కులు పెరగలేదని మానేయడం. ఈ పద్ధతి మొదట్లో కష్టంగానే ఉంటుంది, చదవడమే తేలిగ్గా అనిపిస్తుంది. ఆ విషయం పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

అపోహ: పొల్లుపోకుండా అప్పజెప్పితే అర్థమైనట్టే.

'అర్ధపారగమ్య త్వచం గుండా నీరు తక్కువ గాఢత గల ద్రావణం నుంచి ఎక్కువ గాఢత గల ద్రావణంలోకి ప్రవహించడాన్ని ద్రవాభిసరణం అంటారు' అని తడబడకుండా చెప్పే పిల్లను ఇలా అడిగి చూడండి: 'మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపితే ఊట ఎందుకు దిగుతుంది?' ముక్క బయట ఉప్పు గాఢత ఎక్కువ కాబట్టి లోపలి నీళ్లు బయటికి వస్తాయని చెప్పగలిగితే నిర్వచనం అర్థమైనట్టు. తెల్లమొహం వేస్తే తిట్టకండి. నిర్వచనాన్ని ముక్కలు చేయించండి: నీరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది? మధ్యలో ఏముంది? ఎందుకు పోతోంది? ఆ తర్వాత దాన్నే తిరగేసి అడగండి: ఎండుద్రాక్షను మంచినీళ్లలో వేస్తే ఏమవుతుంది? ఒక్క నిర్వచనానికి ఇలాంటి ప్రశ్నలు రెండు చాలు. బట్టీ పూర్తిగా పనికిరానిదని కాదు. సూత్రాలు, ప్రమాణాలు, ఎక్కాలు నోటికి రావాల్సిందే. కానీ అర్థమయ్యాక పట్టిన బట్టీ నిలుస్తుంది, అర్థంకాకుండా పట్టింది మధ్యలో ఒక్క మాట జారితే మొత్తం జారిపోతుంది.

అపోహ: తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు సైన్సులో పట్టు ఉండదు.

పది దాకా తెలుగులో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్లలు మొదటి మూడు నెలల్లోనే 'నాకు బుర్ర లేదు' అనే నిర్ణయానికి వచ్చేస్తుంటారు. చాలామందిలో లోపం సైన్సులో ఉండదు. త్వరణం తెలిసిన పిల్లకు అది 'యాక్సిలరేషన్' అని తెలిస్తే సరిపోతుంది. సాంకేతిక పదాలను లెక్చరర్లు ఎలాగూ వివరిస్తారు. ఎవరూ వివరించనివి మామూలు మాటలు: 'రెస్పెక్టివ్లీ', 'అన్‌లెస్', 'వేరాజ్', 'ప్రొపోర్షనల్', 'నెగ్లిజిబుల్'. వాక్యం అర్థం చెడేది ఇక్కడే. ప్రశ్నల్లో 'స్టేట్' అంటే చెప్పడం, 'డిరైవ్' అంటే మొదటి నుంచి రాబట్టడం, 'జస్టిఫై' అంటే కారణం చూపడం. ఈ తేడా తెలియక, వచ్చిన జవాబుకే మార్కులు పోగొట్టుకుంటారు.

ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించండి. ఇంగ్లిష్ మాట, తెలుగు మాట, సొంత ఉదాహరణ. రోజుకు ఎనిమిది మాటలు మించొద్దు. ఖాళీ కాగితం మీద రాసేటప్పుడు మొదటి నెలంతా తెలుగులో రాసినా ఫరవాలేదు. ముందు విషయం పట్టుబడాలి, తర్వాత అదే ఇంగ్లిష్‌లో రాయడం అలవాటు చేయాలి. రెండు బరువులూ ఒకేసారి ఎత్తించొద్దు.

అపోహ: కొందరు చూస్తేనే నేర్చుకుంటారు, కొందరు వింటేనే నేర్చుకుంటారు.

ఇలా పిల్లలను విడదీసి బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. పద్ధతిని పాఠాన్ని బట్టి ఎంచుకోవాలి. గుండె నిర్మాణం ఎవరికైనా బొమ్మతోనే, ఛందస్సు ఎవరికైనా చెవితోనే తేలిక.

అపోహ: భయం ఉంటేనే చదువుతారు.

కొంత ఉద్వేగం మేలే చేస్తుంది. కానీ పని కష్టమయ్యేకొద్దీ తట్టుకోగల ఒత్తిడి తగ్గుతుందని 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో కనిపించింది. మనిషి ఒక సమయంలో మనసులో పట్టి ఉంచగలిగేవి నాలుగైదు అంశాలే. 'ఫెయిలైతే నాన్న ఏమంటారు' అన్న ఆలోచన వాటిలో రెండు చోట్లు ఆక్రమిస్తే, లెక్కకు మిగిలేది సగమే. ప్రశ్న మూడుసార్లు చదివినా తలకెక్కకపోవడం, 'నాట్ కరెక్ట్' అన్నచోట 'కరెక్ట్' అని చదివేయడం దీనివల్లే జరుగుతుంటాయి. దాన్ని నిర్లక్ష్యం అనకండి.

హాల్లో ఒక్క నిమిషంలో చేయగలిగేది ఊపిరి సర్దుకోవడం. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు వదలాలి. ఇలా ఆరుసార్లు. వదలడం పొడవుగా ఉండాలి, గుండె వేగాన్ని తగ్గించేది అదే. గట్టిగా, గబగబా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం ఇంకా పెరుగుతుంది. మొదటిసారి పరీక్ష రోజునే ప్రయత్నిస్తే పనిచేయదు. రెండు వారాల ముందు నుంచి, వీక్లీ టెస్టుల్లో కూడా, అలవాటు చేయించాలి.

రెండోది రాయడం. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద పెట్టిన విద్యార్థులు, ముఖ్యంగా బాగా కంగారుపడేవాళ్లు, మెరుగ్గా రాశారని 2011లో రామిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు ప్రచురించారు. సెంటర్‌కు బయల్దేరే ముందు ఇంట్లోనో హాస్టల్లోనో రాస్తే సరి. మంచి మాటలు రాయాల్సిన పని లేదు, ఉన్న భయమే రాయాలి. ఆ కాగితాన్ని అమ్మానాన్నలు కూడా చదవకూడదు. చదువుతారని తెలిస్తే నిజం రాయరు.

అపోహ: పరీక్షల నెలలో నిద్ర తగ్గించుకోక తప్పదు.

13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు పడుకోబెట్టి నాలుగున్నరకు లేపితే అయిదున్నర గంటలే. పగలు చదివింది గట్టిపడేది నిద్రలోనే, కాబట్టి తగ్గించిన ప్రతి గంటా చదివినదాన్నే కోస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఇవ్వకపోవడం మేలు.

అపోహ: చనిపోవాలని ఉందా అని అడిగితే, లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

అవ్వదు. సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. రెండు వారాలకు పైగా తిండి, నిద్ర మారినా, స్నేహితులకు దూరమైనా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, 'నేను లేకపోతే మీకు బాధ ఉండదు' లాంటి మాట వచ్చినా ఫలితాల దాకా ఆగకండి. పక్కన కూర్చుని, 'నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?' అని మెల్లగా అడగండి. జవాబు ఏదైనా ముందు వినండి. మార్కుల మాట, పక్కింటి పిల్లల మాట ఎత్తకండి. ఫెయిలైనా అదే ఏడాది సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందన్న సంగతి ఫలితాలకు ముందే ఇంట్లో మాట్లాడి ఉంచండి. చచ్చిపోవాలనిపిస్తోందని చెబితే ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు అందకుండా తాళం వేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు మాట్లాడనంటే మీరే చేసి, ఏం చేయాలో అడగండి. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉందనిపిస్తే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.