నాలుగు, ఐదు తరగతుల తెలుగు: అపోహలు - వాస్తవాలు

"చదవడం వచ్చేసిందిగా, ఇంకేం నేర్పాలి?" పిల్లలు నాలుగో తరగతికి రాగానే చాలామంది తల్లిదండ్రులు అడిగే మాట ఇది. కొత్తగా చేరిన టీచర్లు కూడా కొందరు ఇలాగే అనుకుంటారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పే టీచర్‌గా నాకైతే అసలు పని మొదలయ్యేది ఇక్కడే అనిపిస్తుంది.

అపోహ: గుణింతాలు, ఒత్తులు వస్తే చదవడం దానంతటదే వస్తుంది.

గుణింతాలు రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ "భక్తి" అనే మాట చూడండి. గుడి కనిపించేది "క" మీద, పలికేది మాత్రం "త" తర్వాత. గుణింతం గడగడా అప్పజెప్పే పిల్లాడు కూడా దీన్ని "భకిత" అని చదువుతాడు, ఎందుకంటే "కి" కనిపిస్తే "కి" అనమనే కదా మనం వాడికి నేర్పింది. "మంత్రి" దగ్గరా ఇదే తంటా. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. బోర్డు మీద భక్త, భక్తి, భక్తుడు ఒకదాని కింద ఒకటి రాసి, గుడి, కొమ్ము ఎక్కడ పెడుతున్నామో, నోట్లో ఎక్కడ పలుకుతున్నామో చూపిస్తే పిల్లలు పట్టేస్తారు. ఐదో తరగతిలో ఇంకా ఒత్తులేంటని సిగ్గుపడకండి, అవసరమైన పిల్లలకు చెప్పి తీరాలి.

అపోహ: తప్పుల్లేకుండా వేగంగా చదివితే అర్థమైనట్టే.

"వానలు లేక చెరువు ఎండిపోయింది. కొంగలు పక్క ఊరి చెరువుకు వెళ్ళిపోయాయి" అని పాఠంలో ఉందనుకోండి. "చెరువు ఎందుకు ఎండిపోయింది?" అని అడిగితే పిల్లలు "ఎండిపోయింది" అన్న మాట వెతికి, ఆ లైను మొత్తం నోట్‌బుక్‌లోకి దించేస్తారు. జవాబు కరెక్టే, మార్కూ పడుతుంది. "కొంగలు ఎందుకు వెళ్ళిపోయాయి?" అని అడగండి. నీళ్ళు లేకపోతే చేపలుండవని పాఠంలో ఎక్కడా రాసి లేదు, పిల్లలే ఆలోచించి చెప్పాలి. ఎవరికి అర్థమైందో, ఎవరు అక్షరాలు మాత్రమే చదివారో అప్పుడు తెలిసిపోతుంది. రోజుకు ఇలాంటి ప్రశ్న ఒక్కటి అడిగినా చాలు.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. ఆ "అర్థం చేసుకుంటూ" పక్కకుపోయి, చాలాచోట్ల లెక్కే మిగిలింది. మన భాషలో "వెళ్ళిపోదామనుకుంటున్నాను" మొత్తం ఒకే పదం. ఇలాంటి పదాలున్న భాషలో పదాలు లెక్కపెట్టి పిల్లల్ని టెన్షన్ పెట్టడం నాకు ససేమిరా నచ్చదు.

అపోహ: చూచిరాత బాగా రాయిస్తే రాయడం వస్తుంది.

దస్తూరి బాగుపడుతుంది, అంతవరకే. సొంతంగా నాలుగు వాక్యాలు రాయాలంటే ముందు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి, దాన్ని నోటితో చెప్పాలి, ఆ తర్వాత కాగితం మీద పెట్టాలి. నిన్న సంతలో ఏం చూశావో పక్కవాడికి చెప్పు, ఇప్పుడు అదే రాయి అంటే "మా ఇల్లు" వ్యాసం బట్టీపట్టి రాసే పిల్లలు కూడా కదులుతారు.

అపోహ: ఇంటి యాసలో రాస్తే వెంటనే ఎర్ర పెన్నుతో కొట్టేయాలి.

దీని గురించి నాకు నిజంగా బాధ ఉంది. "మా తాత పొద్దుగాల లేసి బర్లకు గడ్డి ఏసిండు" అని ఒక పిల్ల రాసిందనుకోండి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో అన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. దాని నిండా ఎర్రగీతలు గీస్తే మర్నాడు ఆ పిల్ల "మా తాత మంచివాడు" అని రాసి ఊరుకుంటుంది. ముందు ఆ వాక్యాన్ని క్లాసులో పైకి చదివి మెచ్చుకోవాలి. ఆ తర్వాత "ఇదే మాట మన పుస్తకంలో ఎట్లా ఉంటుందో చూద్దామా?" అని "ఏసిండు" పక్కన "వేశాడు" రాయించాలి. ఇంటి మాట తప్పని కాదు, పుస్తకం మాట కూడా రావాలని. ఇక "భారతదేశం" బదులు "బారతదేశం" రాసే తప్పులు వేరు, మాటల్లో చాలామందికి ఆ తేడా వినిపించదు కాబట్టి చదివే కొద్దీ తగ్గుతాయి.

అపోహ: వ్యాకరణమంటే నిర్వచనాలు కంఠస్థం చేయడం.

సంధి సూత్రం అప్పజెప్పి "వాడెక్కడ"ను విడదీయలేక నిలబడే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. నిజానికి బడికి రాకముందే పిల్లలకు బోలెడు వ్యాకరణం వచ్చు. "మేము" అంటే ఎదుటివాళ్ళు అందులో లేరని, "మనం" అంటే ఉన్నారని ఎవరూ చెప్పకుండానే తెలుసు. "అక్కలు వచ్చారు", "ఆవులు వచ్చాయి" అనడంలో ఎక్కడా తడబడరు. అక్కడి నుంచే మొదలుపెట్టండి. "రవి తాత ____ మాట్లాడాడు" అని రాసి ఖాళీ నింపమంటే ఒకరు "తో" అంటారు, ఒకరు "గురించి" అంటారు, ఇంకొకరు "కోసం" అంటారు. మూడింటికీ అర్థం ఎలా మారిందో వాళ్ళే వాదించుకుంటారు. ఆ వాదన అయ్యాక వీటిని విభక్తి ప్రత్యయాలంటారని చెప్తే పేరు దానంతటదే గుర్తుంటుంది.

అపోహ: ఇంగ్లీష్ మీడియం కదా, తెలుగు పాస్ మార్కులొస్తే చాలు.

కొంగలు ఎందుకు వెళ్ళిపోయాయో తెలుగులో ఆలోచించి చెప్పగలిగిన పిల్లలకు ఇంగ్లీష్ పాఠంలో కూడా అలా కారణం వెతుక్కునే అలవాటు పనికొస్తుంది. ఇంట్లో ఎవరికీ చదువు రాకపోయినా సరే, రాత్రి పది నిమిషాలు పిల్లతో పైకి చదివించుకుని, మధ్యలో ఆపి "తర్వాత ఏమవుతుందంటావు?" అని అడగండి.